చాలు

నీళ్ళు చల్లగా ఉండాయా అని కాదు,
కడవ కొత్తదా పాతదా అని అడిగింది
ఎలోడియా, వచ్చిన తొలిరోజు.
కొత్త కడవ నీళ్ళకు మన్ను వాసన పడుతుంది కదా,
ఆ వాసనే కావాలంట ఆమెకు.

బుడ్డల సేద్యం చూడను వచ్చింది,
ఆరు నెలలు, మా మిద్దెమింద రేకుల గదిలో.
పరాగ్వే అనింది. ఆ పేరు నా నోట్లో నిలవలేదు.
"మా దేశానికి సముద్రం లేదు."
మా అనంతపురానికీ లేదులే, అన్నా.
"రెండు పెద్దిండ్ల గోడల సందులో ఉంటాం."
ఆ సందు సంగతి నన్ను అడగాల.
దూదేకులోళ్ళం, నమాజుకు సాయిబులం కాము,
తిరునాళ్ళకు మాత్రం అందరి చుట్టాలం.

మధ్యలో ఫోను పెట్టుకుని మాట్లాడుకుంటిమి.
సగం అది చెప్తుంది, మిగతా సగం చేతులు.
వాళ్ళ ముత్తాతల నాడు యుద్ధమొచ్చి
ఊళ్ళల్లో మగోళ్ళను మిగల్చలేదంట,
ఆడోళ్ళే మడక పట్టినారంట.
మా మగోళ్ళను బెంగుళూరు మింగింది,
నెలకోసారి చిల్లర కక్కుతుంది, అన్నా.
ఫోను దాన్ని ఏమని చెప్పిందో,
పగలబడి నవ్వింది,
మళ్ళా నా మొగం చూసి నిలిపేసింది.

బోరు కింది చేను పీకేనాడు
ఒక చెట్టు దులిపి, కాయలు చూపించి
"మందువి" అనింది.
బడి భాషలో కాదు, వాళ్ళవ్వ పొయ్యికాడ భాషలో.
ఈ పంట మా దిక్కునుంచే మీకొచ్చింది అనింది.
మాయత్త ఒప్పుకోలేదు.
"బుడ్డలు యాడినుంచో వచ్చేదేంది?
నేను పుట్టకముందే ఉండాయి."

ట్రాక్టరు నీడలో కూర్చుంటిమి ఆ మధ్యాన్నం.
ఎద్దుకొమ్ము లోటాలో ఎండాకు పోసి, చల్లనీళ్ళు వంచి,
ఒకటే ఇత్తడి గొట్టం,
ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి.
నేను తాగినా. చేదు.
సుంకమ్మ తాగింది.
బోయ నారెక్క దగ్గరికి వచ్చేసరికి
కొంగుతో గొట్టం కొస గట్టిగా తుడిచింది.
ఎలోడియా చూసింది, మళ్ళా నీళ్ళు వంచింది.
మూడోనాడు నారెక్క తుడిచింది గానీ, ఊరికే అట్ల.
అయిదోనాడు కొంగు భుజం దిగలేదు.
ఎంగిలి అన్న మాటకు
ఆ ఫోనులో అర్థం దొరకనేలేదు.

ఒకటే కట్టడి వాళ్ళకు:
"గ్రాసియాస్" అన్నావంటే ఇంక చాలని.
అనేదాకా కొమ్ము తిరిగి తిరిగి వస్తానే ఉంటుంది.

ఈ తూరి పీర్ల పండగ ఆరుద్ర కార్తెలో పడింది.
చావిడి ముందు గుండం, తప్పెట్లు,
నిప్పుల మింద ఉప్పు చిటచిట.
ఎలోడియా చెప్పులు విప్పింది.
వాళ్ళ ఊర్లో ఇదే రేయి, చలికాలంలో,
యోహాను సామి పేర నిప్పులు తొక్కుతారంట.
ముజావరు ఫక్కీరప్ప అడిగినాడు, మొక్కుబడి ఉందా?
"అమ్మకు మోకాళ్ళు" అనింది, తెలుగులోనే.
ఇంకేమీ అడగలేదాయన. నెమలీకలు తలకు తాకించినాడు.
నాలుగడుగుల్లో దాటేసింది.
నేను దాటలేదు. పుట్టిన ఊరే, పుట్టిన పండగే,
నాకు కాళ్ళు రాలేదు.
ఇంటికొచ్చి ఆమె అరికాలు కడిగితే
చిటికెన వేలు కింద ఒకటే బొబ్బ.
"ప్రతి ఏడూ ఆడనే" అని నవ్వింది.

బస్సు దగ్గర కడసారి కొమ్ము నింపింది.
నారెక్క "గ్రాసియాస్" అనింది, సుంకమ్మా అనింది.
నేను సప్పుడొచ్చేదాకా పీల్చి
కొమ్ము ఆమె చేతిలో పెట్టినా, ఉత్త నోటితో.
అయినా మా దాంట్లో చాలు అంటే
గొర్రు గీసిన గీత కూడా.
ఇది మాత్రం ఫోనుకు చెప్పలేదు,
బస్సు కదిలింది.

మర్నాడు పదును వాన.
గొర్రు వెనక నడుస్తా
మొదటి గింజను మందువి అని పిలిచి వేసినా.
తక్కినవన్నీ బుడ్డలే.